అమెరికా అధ్యక్షుని అధికారం, దాని హద్దులు: రెండు ప్రసిద్ధ గ్రంథాల పరిశీలన

అమెరికా సంయుక్త రాష్ట్రాల అధ్యక్షుడు ప్రపంచంలోకెల్లా బలవంతుడైన పాలకుడని లోకంలో ఒక వాడుక ఉన్నది. కాని ఆ పదవికి అతి సమీపంలో పనిచేసిన ఇద్దరు పండితులు ఈ విషయమై పరస్పర విరుద్ధమైన తీర్పులు చెప్పారు. ట్రూమన్ హయాంలో శ్వేతసౌధంలో ఉద్యోగం చేసి తరువాత ఆచార్యుడైన రిచర్డ్ న్యూస్టాట్ 1960లో ‘ప్రెసిడెన్షియల్ పవర్’ అనే గ్రంథం ప్రకటించి, అధ్యక్షుడు మనం అనుకొనే దానికన్నా చాలా బలహీనుడన్నారు. కెన్నెడీకి సహాయకుడుగా ఉండిన చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింజర్ 1973లో ‘ది ఇంపీరియల్ ప్రెసిడెన్సీ’ వెలువరించి, ఆ పదవి రాజ్యాంగపు గట్లు తెంచుకొని చక్రవర్తి పీఠంగా మారుతున్నదన్నారు. పదమూడేళ్ల వ్యవధిలో వచ్చిన ఈ రెండు పుస్తకాలను తలచుకోకుండా ఈ విషయం మీద చర్చ సాగదు. మన విశ్వవిద్యాలయాలలో రాజనీతి శాస్త్రం చదివినవారికి వీటి పేర్లు కొత్తవి కావు.

ఈ రెండింటిలో ఏది సత్యం అని అడగడం పరిపాటి. ఆ ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న అడగవలసి ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గ్రంథకర్తలిద్దరూ అధ్యక్షుని అధికారాన్ని అది బయలుదేరే చోట నిలబడి కొలిచారు. అది వెళ్లి పడే చోట నిలబడి కొలవలేదు. వాషింగ్టన్‌లో నుంచి చూస్తే ఎన్నో అడ్డంకులు కనబడే అధికారమే బాగ్దాదులోనో, సనాలోనో, టెహరానులోనో నిలబడి చూస్తే అడ్డు లేనిదిగా కనబడుతుంది. ఈ తేడా కేవలం చూసేవారి కన్నును బట్టి వచ్చినది కాదు. దానికి కారణాలు ఆ దేశపు చట్టాలలోనూ, తీర్పులలోనూ, వోట్లలోనూ ఉన్నాయి. వాటిని పశ్చిమాసియాకు సంబంధించిన కొన్ని ఉదాహరణల ద్వారా పరిశీలించి, ఆ వెలుగులో రెండు గ్రంథాల విలువను నిర్ణయించడం ఇక్కడి ప్రయత్నం.

రాజ్యాంగం ఇచ్చినది ఎంత?

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రచించినవారు బ్రిటిష్ రాజును మనసులో ఉంచుకొనే ప్రతి మాటా రాశారు. యుద్ధం ప్రకటించే హక్కును, సైన్యాన్ని పోషించే ధనాన్ని, విదేశీ వాణిజ్యంపై అదుపును వారు కాంగ్రెసుకు అప్పగించారు. అధ్యక్షుని సర్వసేనాధిపతిగా చేశారు గాని యుద్ధానికి దిగాలా వద్దా అన్న నిర్ణయం ఆయనకు వదలలేదు. విదేశాలతో సంధి చేసుకొనే అధికారమిచ్చి, దానికి సెనెట్‌లో హాజరైనవారిలో మూడింట రెండు వంతుల సమ్మతి అవసరమన్నారు. రాజ్యాంగాన్ని గట్టిగా సమర్థించిన హామిల్టన్ సైతం, ఈ అధ్యక్షునికి బ్రిటిష్ రాజుకున్న అధికారంలో చిన్న భాగమే ఉన్నదని ప్రజలకు నచ్చచెప్పవలసి వచ్చింది.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. కాపలా ఎక్కువగా పెట్టింది విదేశ వ్యవహారాలలోనే. ఒక సాధారణ శాసనానికి ఉభయ సభలలో సగానికి మించిన వోట్లు చాలు. పరదేశంతో సంధికి మూడింట రెండు వంతులు కావాలి. ఇంటి బయట పాలకుడు చేసే సాహసాలే ఇంటిలోని స్వేచ్ఛను హరిస్తాయని ఆ తరం నమ్మింది. కాని ఆచరణలో ఈ ఏర్పాటు పూర్తిగా తలకిందులైంది. అమెరికా కాంగ్రెసు చివరిసారిగా యుద్ధం ప్రకటించినది 1942లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. ఆ తరువాత కొరియాలో, వియత్నాంలో, ఇరాక్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో సైన్యాలు పోరాడాయి. యుద్ధ ప్రకటన మాత్రం ఒక్కటీ లేదు.

న్యూస్టాట్ వాదం

న్యూస్టాట్ గ్రంథం సన్ననిది, చదవడానికి ఇంపైనది. ఆయన చెప్పే ముఖ్య విషయం ఇది. అధ్యక్షుని చేతిలో ఉన్న లాంఛనప్రాయమైన అధికారాలు ఆయనకు పని జరిపించిపెట్టవు. కాంగ్రెసు సభ్యులు, మంత్రులు, సేనానులు, పత్రికలవారు ఎవరి స్థానాలలో వారు బలం గలవారు. అధ్యక్షుడు కోరినది వారి ప్రయోజనానికి కూడా అనుకూలమని వారికి నచ్చచెప్పగలిగితేనే పని జరుగుతుంది. కాబట్టి నచ్చచెప్పగలగడమే ఆయన అసలు బలం. ఆజ్ఞాపించవలసి రావడం ఆ బలం లోపించిందనడానికి గుర్తు. దీనికి ఆయన మూడు ఉదాహరణలు తీసుకొన్నారు: 1951లో ట్రూమన్ జనరల్ మెకార్థర్‌ను తొలగించడం, 1952లో ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకోవడం, 1957లో ఐసెన్‌హోవర్ లిటిల్ రాక్ పట్టణానికి సైన్యాన్ని పంపడం. మూడింటిలోనూ ఆజ్ఞ వెలువడింది. మూడూ అప్పటికే చేయి దాటిన వ్యవహారాలలో చివరి మార్గంగా జరిగినవే.

ఉక్కు కర్మాగారాల కథ ఈ వాదానికి మంచి సాక్ష్యం. కొరియా యుద్ధానికి ఉక్కు అవసరమని, సమ్మె జరగనీయరాదని ట్రూమన్ 1952 ఏప్రిల్‌లో మిల్లులను స్వాధీనం చేసుకొన్నారు. రెండు నెలలు తిరగకుండానే, జూన్ 2న, సుప్రీం కోర్టు 6-3 తేడాతో ఆ చర్య చెల్లదన్నది. ఆ సందర్భంలో జస్టిస్ రాబర్ట్ జాక్సన్ వేరుగా రాసిన తీర్పు నేటికీ కొలబద్దగా నిలిచి ఉన్నది. కాంగ్రెసు అనుమతితో చేసినప్పుడు అధ్యక్షుని బలం పరాకాష్ఠలో ఉంటుందని, కాంగ్రెసు మౌనంగా ఉన్నప్పుడు సందిగ్ధంలో ఉంటుందని, కాంగ్రెసు అభీష్టానికి విరుద్ధంగా చేసినప్పుడు అతి తక్కువ స్థాయికి దిగుతుందని ఆయన మూడు మెట్లు చూపారు.

న్యూస్టాట్ వాదంలో సత్యం చాలా ఉన్నది. కాని ఆయన ఎన్నుకొన్న ఉదాహరణలను మరొకసారి చూడండి. ఒకటి అమెరికన్ సేనాని ఉద్యోగం. ఒకటి అమెరికన్ యజమానుల ఆస్తి. ఒకటి అమెరికన్ రాష్ట్రంలోని పాఠశాల. మూడింటిలోనూ ఎదుటివారికి వోటు ఉన్నది, వకీలు ఉన్నాడు, పత్రిక ఉన్నది. ఎదురు తిరగగల మనుషులు ఉన్నారు గనుకనే నచ్చచెప్పవలసిన అవసరం ఏర్పడింది. అట్టివారు లేని చోట ఏమి జరుగుతుందన్న ప్రశ్న ఆ గ్రంథంలో రాలేదు. 1990 ముద్రణలో రీగన్ పాలన వరకు విషయాన్ని విస్తరించినప్పుడు కూడా, అధ్యక్షుడు తన బలాన్ని ఎట్లా కాపాడుకోవాలన్నదే ఆయన దృష్టి. ఆ బలానికి గురి అయినవారు ఆ పుస్తకంలో పాత్రలు కారు.

ష్లెసింజర్ వాదం

ష్లెసింజర్ గ్రంథం పెద్దది, చరిత్ర ఎక్కువగా ఉన్నది. వాషింగ్టన్ నాటి నుంచి నిక్సన్ నాటి వరకు యుద్ధాధికారం కాంగ్రెసు చేతిలో నుంచి అధ్యక్షుని చేతిలోకి ఎట్లా మెట్టుమెట్టుగా జారిపోయిందో ఆయన చూపుతారు. విదేశ వ్యవహారాలలో రుచి మరిగిన పెత్తనమే చివరకు స్వదేశంలోకి వచ్చి, కాంగ్రెసు మంజూరు చేసిన ధనాన్ని తొక్కిపెట్టడంగా, రహస్యాల చాటున దాక్కోవడంగా, ప్రత్యర్థులపై నిఘాగా పరిణమించిందని ఆయన నిర్ణయం. వాటర్‌గేట్ ఆయనకు ఆకస్మికంగా వచ్చిన జబ్బు కాదు. వియత్నాంలో ముదిరిన వ్యాధి ఇంటిలో బయటపడటం.

ఈ గ్రంథంలో మెచ్చదగినది రచయిత నిజాయితీ. బలమైన అధ్యక్షులను కీర్తించిన చరిత్రకారులలో తానూ ఒకరినని ఆయన ఒప్పుకొన్నారు. 1951లో సెనెటర్ టాఫ్ట్, కాంగ్రెసును అడగకుండా కొరియాకు సైన్యం పంపడం తగదన్నప్పుడు, ఆయనను ఖండిస్తూ తాను రాసినది తొందరపాటని కూడా అంగీకరించారు. పండితులలో ఈ గుణం అరుదు.

అయితే ఆయన చూపిన నివారణోపాయం ఏమయింది? ఆ గ్రంథం వచ్చిన 1973లోనే, నవంబరు 7న, నిక్సన్ వీటోను తోసిపుచ్చి కాంగ్రెసు యుద్ధాధికారాల తీర్మానం చేసింది. సైన్యాన్ని పోరుకు దింపిన 48 గంటలలో కాంగ్రెసుకు తెలియజేయాలి. అనుమతి దొరకనిచో 60 రోజులలో విరమించాలి, ఉపసంహరణకు మరి 30 రోజులు. 2011లో లిబియా మీద దాడులు మార్చి 19న మొదలై అరవయ్యో రోజు దాటి సాగినప్పుడు, ఆ చర్యలు చట్టంలో చెప్పిన పోరాటం కిందికి రావని ఒబామా ప్రభుత్వం వాదించింది. అమెరికన్ సైనికులు నేల మీద దిగలేదని, వారికి ప్రాణాపాయం స్వల్పమని ఆ వాదానికి ఆధారం. లిబియా నేల మీద ఉన్నవారి ప్రాణాపాయం ఆ లెక్కలో చేరలేదు.

ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. అదే 1973లో అమెరికాలో నిర్బంధ సైనిక సేవ రద్దయింది. వియత్నాం యుద్ధాన్ని ఆపినది రాజ్యాంగ సూత్రాలపై అభిమానం మాత్రమే కాదు. ఆ యుద్ధంలో 58,000 మందికి పైగా అమెరికన్లు మరణించారు. ఇష్టం లేని పిల్లలను చీటీ తీసి పంపుతుంటే తల్లిదండ్రులు ఊరుకోలేదు. 1964లో ప్రతినిధుల సభ 416-0, సెనెట్ 88-2 వోట్లతో జాన్సన్‌కు ధారపోసిన అధికారాన్ని కాంగ్రెసు వెనక్కి గుంజుకొనేటట్లు చేసినది ఆ తల్లిదండ్రులే. కాగితం మీద కొత్త కాపలా పెట్టిన సంవత్సరమే, నిజంగా కాపలా కాసిన కుటుంబాలు ద్వారం వదిలి వెళ్లాయి. తరువాతి యుద్ధాలు స్వచ్ఛందంగా చేరిన సైనికులతోను, విమానాలతోను, మనిషి ఎక్కని డ్రోన్లతోను జరిగాయి. ష్లెసింజర్ రాజ్యాంగాన్ని చూశారు. వీథిలోని ఈ మార్పునకు తగినంత విలువ ఇవ్వలేదు.

ఆయుధాల అమ్మకం: 1981, 1986, 2019

న్యూస్టాట్ సిద్ధాంతం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో ఒకే రకమైన మూడు సంఘటనలలో చూడవచ్చు. 1976 నాటి ఆయుధ ఎగుమతుల చట్టం ప్రకారం, ఉభయ సభలు కాదంటే అధ్యక్షుడు తలపెట్టిన అమ్మకం ఆగిపోయేది. ఆ తీర్మానానికి ఆయన సంతకం అక్కర లేదు. 1981లో రీగన్ సౌదీ అరేబియాకు అయిదు అవాక్స్ నిఘా విమానాలు అమ్మదలచారు. ప్రతినిధుల సభ 301-111 వోట్లతో వద్దన్నది. ఆయన సెనెటర్లను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడి, చివరకు 52-48తో గట్టెక్కారు. న్యూస్టాట్ చెప్పిన బేరసారాలకు ఇంతకన్నా చక్కని నిదర్శనం ఉండదు.

రెండేళ్ల తరువాత, 1983 జూన్‌లో, సుప్రీం కోర్టు మరొక వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి ఒకరిని దేశం నుంచి పంపివేయాలన్న ప్రతినిధుల సభ తీర్మానాన్ని కొట్టివేస్తూ, అధ్యక్షుని ముందుకు వెళ్లని తీర్మానాలకు చట్టబలం లేదన్నది. ఆ విద్యార్థికి న్యాయం జరిగింది. కాని ఆ తీర్పుతో, ప్రభుత్వ శాఖలను అదుపు చేయడానికి కాంగ్రెసు అనేక శాసనాలలో అమర్చుకొన్న పగ్గాలు ఒక్కసారిగా తెగిపోయాయి. ఇక ఆయుధాల అమ్మకాన్ని ఆపాలంటే అధ్యక్షుని సంతకం కావాలి. లేదా ఆయన వీటోను ఓడించడానికి రెండు సభలలోనూ మూడింట రెండు వంతులు కావాలి.

ఫలితం 1986లో కనబడింది. సౌదీ అరేబియాకు క్షిపణుల అమ్మకాన్ని ఉభయ సభలు తిరస్కరించాయి. రీగన్ వీటో చేశారు. ఆ వీటోను తోసివేయడానికి సెనెట్‌లో 66 మంది, నిలబెట్టడానికి 34 మంది వోటు వేశారు. ఒక్క వోటు తక్కువైంది, అమ్మకం జరిగింది. అయిదేళ్ల కిందట సగం సెనెట్‌ను ఒప్పించవలసిన మనిషికి ఇప్పుడు మూడింట ఒక వంతు చాలింది.

2019లో ఈ మార్గం మరింత సులువైంది. మే నెలలో ట్రంప్ ప్రభుత్వం ఇరాన్ కారణంగా అత్యవసర పరిస్థితి ఏర్పడిందని చెప్పి, సుమారు 800 కోట్ల డాలర్ల విలువ గల 22 ఒప్పందాలను కాంగ్రెసు పరిశీలనకు ఆగకుండా సాగించింది. సౌదీ అరేబియా, అరబ్ ఎమిరేట్లకు సంబంధించిన మూడు తిరస్కార తీర్మానాలను జులైలో వీటో చేశారు. అంతకు ముందు ఏప్రిల్ 16న, యెమెన్ యుద్ధంలో అమెరికా సహాయం విరమించాలని సెనెట్ 54-46తోను, ప్రతినిధుల సభ 247-175తోను చేసిన తీర్మానం కూడా వీటోకు గురైంది. రెండు సభలూ వద్దన్నాయి. యుద్ధ సహాయం సాగింది. 2021 చివరికి ఆ యుద్ధం వల్ల, అందులో ఎక్కువ భాగం ఆకలి, రోగాల మూలంగా, 3,77,000 మంది మరణించి ఉంటారని ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం అంచనా వేసింది.

ఇక్కడ అధ్యక్షుడు ఎవరికీ నచ్చచెప్పలేదు. నచ్చచెప్పవలసిన అవసరం లేకపోయింది. న్యూస్టాట్ మానవ స్వభావంలో ఉన్నదనుకొన్న హద్దు నిజానికి ఒక చట్ట నిబంధనలో ఉండేదని, అది పోగానే హద్దు కూడా పోయిందని ఈ మూడు సంఘటనలు తేల్చి చెబుతున్నాయి.

జెరూసలేం: ఒకే కలం, రెండు రాతలు

పరదేశ ప్రభుత్వాలను గుర్తించే అధికారం రాజ్యాంగంలో విడిగా ఎక్కడా రాసి లేదు. రాయబారులను స్వీకరించడం అధ్యక్షుని పని అన్న ఒక్క మాటలో నుంచి అది పుట్టింది. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడిన 11 నిమిషాలకు ట్రూమన్ దానిని గుర్తించారు. ఆయన విదేశాంగ మంత్రి, సేనానిగా దేశమంతా గౌరవించిన జార్జ్ మార్షల్, అందుకు వ్యతిరేకి. ఆ వ్యతిరేకత నిర్ణయాన్ని ఆపలేకపోయింది.

1995లో కాంగ్రెసు, రాయబార కార్యాలయాన్ని జెరూసలేంకు మార్చాలని అత్యధిక సంఖ్యాబలంతో చట్టం చేసింది. జాతీయ భద్రత కోసం ఆరు నెలల చొప్పున వాయిదా వేసుకొనే వెసులుబాటు అందులో ఉన్నది. క్లింటన్, బుష్, ఒబామా ముగ్గురూ ఆ వాయిదా మీద మళ్లీ మళ్లీ సంతకం చేశారు. 2002లో కాంగ్రెసు మరొక చట్టం చేసి, జెరూసలేంలో పుట్టిన అమెరికన్లు కోరితే పాస్‌పోర్టులో జన్మస్థలం ఇజ్రాయెల్ అని రాయాలన్నది. ప్రభుత్వం రాయలేదు. ఆ నగరంలో పుట్టిన ఒక బాలుని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2015 జూన్‌లో సుప్రీం కోర్టు 6-3 తేడాతో, గుర్తింపు అధికారం పూర్తిగా అధ్యక్షునిదేనని, కాంగ్రెసు అందులో కల్పించుకోరాదని తీర్పు చెప్పింది. విదేశ వ్యవహారాలలో కాంగ్రెసు శాసనాన్ని అధ్యక్షుడు సూటిగా ధిక్కరించడాన్ని ఈ న్యాయస్థానం ఇంతకు ముందెన్నడూ సమ్మతించలేదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తన అసమ్మతి తీర్పులో హెచ్చరించారు. జాక్సన్ చూపిన అట్టడుగు మెట్టు మీద నిలబడి కూడా అధ్యక్షుడు గెలిచాడన్నమాట.

పాలస్తీనియన్ల పక్షాన ఆలోచించేవారు ఆ తీర్పునకు సంతోషించి ఉంటారు. ఆ సంతోషం రెండున్నరేళ్లు నిలిచింది. 2017 డిసెంబరు 6న ట్రంప్ అదే అధికారంతో జెరూసలేంను ఇజ్రాయెల్ రాజధానిగా గుర్తించారు. 2018 మే 14న రాయబార కార్యాలయం అక్కడ తెరిచారు. భద్రతా మండలిలో 14 దేశాలు ఒకవైపు, అమెరికా వీటో ఒకవైపు. సర్వసభ్య సభలో 128 దేశాలు అభ్యంతరం తెలిపాయి. భారతదేశం కూడా వాటిలో ఒకటి. కాని 2015 తీర్పు తరువాత ఆ గుర్తింపును అడ్డగించే మార్గం కాంగ్రెసుకు సైతం మిగలలేదు. మనకు అనుకూలంగా ఉన్న పాలకుని చేతిలో అదుపు లేని అధికారం చూసి మురిసిపోరాదన్న పాత పాఠాన్ని ఇంత స్పష్టంగా చెప్పే ఉదాహరణ మరొకటి లేదు. టాఫ్ట్ విషయంలో ష్లెసింజర్ ఆలస్యంగా నేర్చుకొన్నదీ ఇదే.

తెరవడం, మూయడం

అయితే అధ్యక్షుడు విదేశ వ్యవహారాలలో సర్వశక్తుడా? కాడు. ఆయనకు అక్కడ కూడా హద్దులున్నాయి. కాని అవి ఒక వైపునే పనిచేస్తాయి.

2001 నవంబరు 13న జార్జ్ బుష్ జారీ చేసిన సైనిక ఉత్తర్వు దరిమిలా, 2002 జనవరి 11న గ్వాంటనామోలో బందీల శిబిరం తెరిచారు. మొత్తం సుమారు 780 మందిని అక్కడ ఉంచారు. అత్యధికులపై ఏ నేరారోపణా లేదు. సుప్రీం కోర్టు 2004లో, 2006లో, 2008లో మూడుసార్లు జోక్యం చేసుకొన్నది. చివరి తీర్పులో, 5-4 తేడాతో, ఆ పరదేశీయులకు కూడా హెబియస్ కార్పస్ హక్కు ఉన్నదన్నది. విదేశీయులకు అమెరికన్ న్యాయస్థానాలలో ఎన్నడూ రక్షణ లేదని అనేవారికి ఇది తగిన సమాధానం, దీనిని మరువరాదు. కాని శిబిరం తెరిచిన ఆరేళ్లకు, ఒక్క న్యాయమూర్తి తేడాతో, ఆ హక్కు లభించిందన్నది కూడా మరువరాదు.

2009 జనవరి 22న ఒబామా ఆ శిబిరాన్ని ఏడాదిలోగా మూసివేయాలని ఉత్తర్వు చేశారు. మే నెలలో సెనెట్ 90-6 వోట్లతో అందుకు ధనం నిరాకరించింది. బందీలను మా రాష్ట్రంలోని జైలుకు తెస్తారా అన్నది సభ్యుల అభ్యంతరం. ఒబామా ఎనిమిదేళ్లు పాలించి వెళ్లారు, శిబిరం ఉన్నది. 2025 జనవరిలో ఇంకా 15 మంది అందులో ఉన్నారు. ఒక సంతకంతో తెరుచుకొన్న తలుపు మరొక సంతకంతో మూసుకోలేదు. వోటరు భయపడితే కాంగ్రెసు అధ్యక్షుని అడ్డగించగలదు. బందీ భయపడితే అట్లా అడ్డగించేవారు లేరు.

ఇరాన్ వ్యవహారం దీనికి మరొక ముఖం. 1979 నవంబరు 4న టెహరాను రాయబార కార్యాలయంలో అమెరికన్లు బందీలైనప్పుడు, కార్టర్ పది రోజులకు ఇరాన్ ఆస్తులను స్తంభింపజేశారు. అది సులువైన పని. మనుషులను తెచ్చుకోవడానికి 444 రోజులు పట్టింది. 1980 ఏప్రిల్‌లో సైనిక ప్రయత్నం ఎనిమిది ప్రాణాలు తీసుకొని విఫలమైంది. ఆఖరుకు 52 మందిని విడిపించిన 1981 జనవరి ఒప్పందం సెనెట్ ముందుకు వెళ్లలేదు. అయినా సుప్రీం కోర్టు దానిని నిలబెట్టింది. 2015 జులైలో ఒబామా ఇరాన్‌తో చేసుకొన్న అణు ఒప్పందం కూడా సంధి కాదు. మూడింట రెండు వంతుల సమ్మతి దొరకదని తెలిసి ఆ దారి తొక్కలేదు. 2018 మే 8న తరువాతి అధ్యక్షుడు దానిలో నుంచి వైదొలగారు. సెనెట్‌ను తప్పించుకొని మాట ఇవ్వగల బలం అధ్యక్షునికి ఉన్నది. ఆ మాటను తన తరువాత నిలబెట్టే బలం లేదు. ఎదుటి దేశానికి ఇందులో బలమూ నష్టమే, బలహీనతా నష్టమే.

2020 మే 6న, ఇరాన్‌పై అనుమతి లేని యుద్ధం వద్దన్న ఉభయ సభల తీర్మానం వీటో అయింది. 2025 జూన్ 22న ఇరాన్ అణు కేంద్రాలు మూడింటి మీద బాంబులు వేసినప్పుడు ముందుగా కాంగ్రెసు అనుమతి కోరలేదు.

సరిహద్దు వద్ద

పరదేశీయుల ప్రవేశం విషయంలో ఒక విచిత్రం ఉన్నది. 1952 నాటి వలస చట్టంలో, దేశ ప్రయోజనాలకు హానికరమని తోచిన విదేశీయుల ఏ వర్గాన్నైనా నిలిపివేసే అధికారం అధ్యక్షునికి ఇచ్చారు. ఆ చట్టాన్ని ట్రూమన్ వీటో చేశారు. కాంగ్రెసు ఆయన వీటోను తోసిపుచ్చి దానిని శాసనం చేసింది. ఉక్కు మిల్లుల తీర్పు వచ్చిన ఆ జూన్ నెలలోనే ఇది జరిగింది. ఒకే నెలలో అమెరికన్ యజమాని ఆస్తి ముందు అధ్యక్షుని చేయి కట్టివేయబడింది, పరదేశి ముందు విప్పబడింది.

ఆ నిబంధన కింద 2017 జనవరి 27న ఏడు దేశాల ప్రజల ప్రవేశాన్ని నిలిపివేశారు. ఏడూ ముస్లిములు అధిక సంఖ్యలో గల దేశాలే. న్యాయస్థానాలు మొదట అడ్డుకొన్నాయి. మార్చి రాసిన మూడవ ఉత్తర్వును 2018 జూన్ 26న సుప్రీం కోర్టు 5-4తో సమర్థించింది. 2021లో బైడెన్ దానిని రద్దు చేశారు; 2025 జూన్‌లో అటువంటి ప్రకటనే మళ్లీ వచ్చింది. ఇది ఎవరో దూరపు దేశాలవారి సంగతి అనుకొన్నవారు మన తెలుగు జిల్లాలలో కూడా ఉండి ఉంటారు. 2025 సెప్టెంబరు 19న, కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్లు చెల్లించాలన్న ప్రకటనకు ఆధారం కూడా అదే 1952 నిబంధన. ఆ వీసాలు పొందేవారిలో అత్యధికులు భారతీయులు. వారిలో తెలుగువారు తక్కువ కాదు. ఇతరుల మీద ప్రయోగించినప్పుడు నిలబడిన అధికారం వారితోనే ఆగుతుందన్న హామీ ఎక్కడా లేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి చెప్పి ఈ పరిశీలన ముగిస్తాను. ఒబామా ఎనిమిదేళ్లలో చేసిన వీటోలలో కాంగ్రెసు ఒక్కదానినే ఓడించింది. 2001 సెప్టెంబరు దాడులలో మరణించినవారి కుటుంబాలు సౌదీ ప్రభుత్వంపై దావా వేసుకొనే అవకాశమిచ్చే చట్టం అది. 2016 సెప్టెంబరు 28న సెనెట్ 97-1, ప్రతినిధుల సభ 348-77. విదేశాంగ విధానం దెబ్బతింటుందన్న అధ్యక్షుని మాట ఎవరూ వినలేదు. కుటుంబాలు అమెరికన్ కుటుంబాలు. ఎన్నికలు ఆరు వారాల దూరంలో ఉన్నాయి. యెమెన్ తీర్మానానికి దొరకని మూడింట రెండు వంతులు ఇక్కడ సునాయాసంగా దొరికాయి.

ముగింపు

ఏ దేశంలోనైనా పరదేశీయులకు వోటు ఉండదు గదా, ఇందులో అమెరికాకు ప్రత్యేకమైన దోషమేమిటని ఒక సందేహం కలుగవచ్చును. సందేహం న్యాయమైనదే. సమాధానం రెండు మాటలలో ఉన్నది. మొదటిది, ఇతర దేశాల పాలకుల నిర్ణయాలు అంత దూరం వెళ్లవు. రెండవది, ఆ రాజ్యాంగం రాసినవారే ఈ ప్రమాదాన్ని ఊహించి, వోటు లేనివారి మీద బలం ప్రయోగించే చోట రెట్టింపు కాపలా పెట్టారు. కాపలా పెట్టలేదని వారిని తప్పుపట్టలేము. కాపలావారు ద్వారం వదిలిపెట్టారన్నదే ఫిర్యాదు. 1964లో కాంగ్రెసు, 1983లో, 2015లో న్యాయస్థానం, తమ తమ కారణాలతో తాళం చెవులు అప్పగించాయి. ఇవ్వడానికి సగం వోట్లు చాలాయి. తిరిగి తీసుకోవడానికి మూడింట రెండు వంతులు కావలసి వచ్చింది. ఈ లెక్క మారనంత వరకు ఏ పార్టీ అధ్యక్షుడు వచ్చినా అధికారం పెరుగుతుందే గాని తరగదు.

ఇక గ్రంథాల విషయం. అమెరికా లోపలి రాజకీయాలు తెలుసుకోగోరే విద్యార్థికి న్యూస్టాట్ పుస్తకం నేటికీ ఉపయోగకరం. అధికారం ఎట్లా చేతులు మారిందో తెలుసుకోగోరేవారు ష్లెసింజర్‌ను తప్పక చదవాలి. తన తప్పు తాను ఒప్పుకొన్న చరిత్రకారునిగా కూడా ఆయన గౌరవనీయుడు. కాని మొదటివారు ఎదురు చెప్పగలవారినే లెక్కలోకి తీసుకొన్నారు. రెండవవారు, ఆ అధికారం ఇంటికి తిరిగి వచ్చి స్వదేశీయులను బాధించినప్పుడే దానిని రోగమన్నారు. ఇంటికి రాక ముందు అది ఎవరి ఇళ్ల మీద పడిందో చెప్పే మూడవ గ్రంథం ఒకటి రావలసి ఉన్నది. దానిని వాషింగ్టన్‌లో కూర్చున్నవారు రాయకపోవచ్చు. ఆ నిర్ణయాల ఫలితాలు అనుభవించిన దేశాల పండితులు, తీర్పులను, వోట్ల లెక్కలను ఓపికగా చదివి, ఆవేశం లేకుండా రాయవలసిన పుస్తకం అది.